ఎర్రోడికి మరుపు నేర్పిన మనిషి

మొన్న మా అపార్ట్‌మెంట్ వాళ్ల ఫోన్ గ్రూపులో ఎవరో ఒక వీడియో పెట్టారు. యజమాని సమాధి మీద ఒక కుక్క పడుకుని ఉంది. డొక్కలు ఎండిపోయి ఎముకలు కనిపిస్తున్నాయి. ముందు పెట్టిన బిస్కెట్లు ముట్టుకోలేదు. వెనక ఏదో ఏడుపు సంగీతం. కింద వరసగా దండాలు, కన్నీళ్ల బొమ్మలు. "మనుషులకంటే నయం" అని మూడో అంతస్తు ఆవిడ రాసింది. "విశ్వాసం అంటే ఇదీ" అని ఇంకొకాయన తాళం వేశాడు. నాకు ఒళ్లు మండింది. ఆ వీడియో తీసినవాడు కుక్కని ఎత్తుకెళ్లి నాలుగు మెతుకులు తినిపించకుండా, ఫోను పట్టుకుని అంతసేపు ఎలా నిలబడ్డాడా అనిపించింది. ఆ మాటే రాయబోయి, ఎందుకొచ్చిన గొడవలే అని ఫోను పక్కన పడేశాను.

ఇదంతా విని నాకు కుక్కలంటే ప్రాణం అనుకునేరు. అదేం లేదు. నాకు కుక్కలంటే భయం. గోపాలపట్నంలో మా వీధి మొదట్లో నల్లకుక్క పడుకుని ఉంటే, చేతిలో కూరగాయల సంచీ ఎంత బరువున్నా సరే పక్క సందులోంచి చుట్టూ తిరిగి ఇంటికొస్తాను. కానీ కుక్కల విశ్వాసం గురించి ఎవరు గొప్పగా మాట్లాడినా నాకు ఆమె గుర్తొస్తుంది. ఆ వీడియో చూస్తే ఆమె ఏమనేదో కూడా తెలుసు. "ఓలమ్మా, సంపీసినారు గదే" అనేది.

ఆమెది దిబ్బ. స్టీల్ ప్లాంట్ దాటి ఇంకా కిందికి వెళ్తే ఒక ఉప్పుటేరు సముద్రంలో కలుస్తుంది. ఆ ఏటికీ సముద్రానికీ మధ్య మిగిలిపోయిన ఇసక ముక్క అది. చుట్టూ నీళ్లే, పడవ తప్ప దారి లేదు. కాగితాల్లో దానికి వేరే పేరు ఉండే ఉంటుంది గానీ అందరూ దిబ్బ అనే అనేవారు. కాసిని తాటిచెట్లు, సరుగుడు తోపు, మొగలి పొదలు, గుప్పెడు మత్స్యకారుల ఇళ్లు, ఒక బడి. ఆ బడికి నేను టీచర్ని. ఇంకో టీచరు లేదు కాబట్టి హెడ్మిస్ట్రెస్‌ని కూడా నేనే.

మా నాన్న స్టీల్ ప్లాంట్ ఉద్యోగానికని గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. మాకు గాలి అంటే సాయంత్రం డాబా మీద కూర్చుంటే వచ్చేది, వస్తే హాయిగా ఉండేది. దిబ్బ మీద గాలి వేరు. అది పొద్దున్నే లేచి రాత్రిదాకా అందరి పనుల్లోనూ వేలు పెడుతుంది. అక్కడ తాటాకు కప్పుల మీద పాత వలలు పరిచి, వాటి అంచులకి రాళ్లు కడతారు. ఆరేసిన చీర కొంగు ముడి వేయకపోతే చీర ఏట్లో ఉంటుంది. అన్నం వడ్డించి కంచం మీద చెయ్యి అడ్డం పెట్టకపోతే ఇసక నంజుకోవాల్సిందే. బల్ల మీద హాజరు పట్టీ తెరిచి పెడితే పిల్లల పేర్లన్నీ అదే తిప్పి తిప్పి చదివేది.

మొదటిరోజు పడవ దిబ్బని తాకగానే ఒక ఎర్ర కుక్క నీళ్లలోకి దిగి మొరిగింది. నేను పడవలోనే కూర్చుండిపోయాను. కుక్కని పట్టుకుంటేగానీ దిగనని చెప్పాను. పడవతను నవ్వాడు. ఒడ్డున చేపలు ఎండేస్తున్న ఒక పెద్దావిడ చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని గబగబా నీళ్లలోకి వచ్చింది. కుక్కని పట్టుకుంటుందనుకున్నాను. కుక్క వైపు చూడనైనా చూడకుండా వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"దాన్ని పట్టుకుంటే దానికి కోపం వత్తాది. నిన్ను పట్టుకుంటే నీకు దైర్నం వత్తాది. దిగు టీచరమ్మా, ఏటవదు."

ఉప్పులో నాని గరుకెక్కిన చెయ్యి. బడి గుమ్మం దాకా వదల్లేదు. కుక్క మా వెనకాలే వచ్చి, గుమ్మం దగ్గర ఆగి, తన పని అయిపోయినట్టు వెనక్కి వెళ్లిపోయింది. వాడి పేరు ఎర్రోడు. ఆమెని దిబ్బ మీద అందరూ అప్ప అనేవారు. అంటే అక్క. నేనూ అలాగే పిలిచాను. పేరు అడగాలని నాకూ తోచలేదు, చెప్పాలని ఆమెకీ తోచలేదు.

అప్ప ఎప్పుడూ గాలికి వీపు పెట్టి మాట్లాడేది. మీరు ఎటు నిలబడ్డా సరే, భుజం పట్టుకుని తిప్పి, తను కూడా తిరిగి, అప్పుడు నోరు తెరిచేది. "గాలికెదురుగా మాటాడకు టీచరమ్మా, మాట నీ నోట్లోకే తిరిగొచ్చీస్తాది" అని నాకు మొదటివారంలోనే చెప్పింది. అలా అలవాటైపోయి, ఇప్పటికీ ఎవరైనా ముఖ్యమైన మాట చెప్తుంటే నేను గాలి ఎటుందో చూసుకుంటాను. మా ఆయనకి ఇది పెద్ద హాస్యం.

ఆమె పని చేపలు ఎండబెట్టడం. కవళ్లు, నెత్తళ్లు ఉప్పు పట్టించి ఇసక మీద పరిచిన వలల మీద ఆరేసేది. ఎర్రోడి పని కాకుల్ని తోలడం. రోజంతా చేపల మధ్య తిరిగేవాడు గానీ ఒక్కటి ముట్టేవాడు కాదు. ఆమె వాడితో పొద్దుటి నుంచీ మాట్లాడుతూనే ఉండేది. ముద్దు మాటలు కావు, అన్నీ తిట్లే. "ఏటి సూత్తన్నావ్ అలగ? ఆ మూల కాకొచ్చింది అగుపడ్డం నేదేటి? కళ్లేనా, గవ్వలా?" ఎర్రోడు ఆ తిట్లని తోక ఊపుతూ వినేవాడు. మధ్యాహ్నం ఆమె పొయ్యి రాజేసేటప్పుడు వాడు పొయ్యికీ గాలికీ మధ్య అడ్డంగా వచ్చి పడుకునేవాడు. ఎవరు నేర్పారో తెలీదు. ఇటు పొయ్యి సెగ, అటు గాలీ ఇసకా, వాడు కళ్లు మూసుకుని ఉండేవాడు. గాలి దిశ మారితే లేచి ఇంకో పక్కకి మారేవాడు. అన్నం ఉడికాక మొదటి ముద్ద వాడికి. ఆమె చేత్తో కలిపి, చేత్తోనే పెట్టేది. వాడు ఆ చేతిలోంచి తప్ప ఇంకెక్కడా తినేవాడు కాదు. బడిలో భోజనం మిగిలితే పిల్లలు పెట్టబోయేవారు. వాసన చూసి తల తిప్పుకునేవాడు.

ఆమె ఇంటి పక్కనే ఆమె తోటికోడలి ఇల్లు. ఇద్దరికీ ఎన్నో ఏళ్లుగా మాటల్లేవు. రెండిళ్ల మధ్య చేపలు ఆరేసే జాగా ఎవరిదన్నది తగువు. అలాగని మాట్లాడుకోకుండా ఉండగలరా? ఎర్రోడి మీద పెట్టి మాట్లాడుకునేవారు. "ఒరే ఎర్రోడా, ఆ మహాతల్లికి సెప్పు, దాని గంప నా వల మీదికొచ్చిందని" అని అప్ప అనేది. "ఒరే ఎర్రోడా, గంపకి కాళ్లు నేవు, గాలే తోసిందని నువ్వే సెప్పు" అని తోటికోడలు అక్కడి నుంచి అరిచేది. ఎర్రోడు మధ్యలో కూర్చుని ఎవరు మాట్లాడితే వాళ్ల వైపు తల తిప్పేవాడు. తోటికోడలిది మామూలు గొంతు కాదు. ఎదురుగాలిలో కూడా ఏటవతలికి వినిపించేది. ఆమె కూతుర్ని పిలిస్తే మా బడిలో పిల్లలందరూ లేచి నిలబడేవారు.

ఒకరోజు గాలి బాగా ఉండి సాయంత్రం పడవ ఆలస్యమైంది. అప్ప ఇంటి గోడ వార కూర్చున్నాం. ఎర్రోడు ఆమె పాదాల మీద గడ్డం ఆనించి పడుకున్నాడు. కొంచెం దూరంలో ఇసకలో రాళ్లు పేర్చిన చిన్న తిన్నె ఉంది, దాని మీద పసుపు. అదేమిటని అడిగాను. కుక్కని కప్పెట్టిన చోటు అంది.

అది ఆమె భర్త కుక్క. ఆయన సముద్రం మీద చేపల వేటకి వెళ్లి రాలేదు. "తుపాను గాదు, ఏటీ గాదు. మామూలు రోజే. పడవొచ్చింది, ఆయన రానేదు." ఆ కుక్క ఒడ్డు మీద కూర్చుంది. ఇక లేవలేదు. సముద్రం వైపే చూస్తూ, తిండి ముట్టకుండా, చివరికి అక్కడే ప్రాణం విడిచింది.

"ఎంత విశ్వాసం!" అన్నాను. నా నోటికి అంతకంటే ఏం వస్తుంది?

అప్ప నా వైపు తిరిగింది. గాలికి ఎదురుగా తిరిగి మాట్లాడటం ఆ ఒక్కసారే చూశాను.

"ఇశ్వాసమా? ఆకలి టీచరమ్మా. సుట్టుపక్కల ఊళ్లోళ్లందరూ పడవలేసుకుని సూడ్డానికొచ్చినారు. పసుపెట్టినారు, దండేసినారు, దండం ఎట్టినారు. ఒక్కడు దాన్ని ఎత్తుకెళ్లనేదు. నాను ఎత్తుకెల్తానంటే, వద్దు, అది పున్నెం సేసుకుంటంది, ఒగ్గీ అన్నారు. నాను గంజి ఎట్టినాను, సేపముక్క ఎట్టినాను, తిన్నేదు. దానికి ఆయన సెయ్యొక్కటే తెలుసు. ఇంకో సెయ్యి ఎట్టింది కూడా కూడేనని దానికెవులూ సెప్పనేదు. ఆయన సముద్రంలో పోనాడు, అది ఎవుల తప్పూ గాదు. దీన్ని మాత్రం మేమే సంపీసినాం."

ఇక కుక్కని పెంచకూడదనే అనుకుందట. ఫిషింగ్ హార్బర్ నుంచి వచ్చిన పడవలో ఐసు పెట్టెల మధ్య ఎవరో వదిలేసిన ఎర్ర కూన దిబ్బ మీద దిగేదాకా అలాగే అనుకుంది. దాన్ని ఎత్తుకున్నాక అనుకోవడం మానేసింది.

ఆ తర్వాతి ఏడాది ఎండలు మొదలయ్యాక ఆమె సన్నబడింది. ఊళ్లో పెద్దాసుపత్రికి వెళ్లొచ్చింది. ఏమన్నారంటే "ఏటేటో అన్నారు, నాకేటి తెలుస్తాది" అని దాటేసింది. అప్పటి నుంచీ ఆమె చేతులు వేపనూనె కంపు కొట్టేవి. కీళ్లనొప్పులకి రాస్తోందని దిబ్బ మీద అందరూ అనుకున్నారు. నేనూ అదే అనుకుని, మెడికల్ షాపులో దొరికే మంచి తైలం ఒకటి కొనుక్కెళ్లాను. సీసా తీసుకుని గూట్లో పెట్టింది. వేపనూనె రాయడం మానలేదు.

ఎర్రోడు ముద్ద కోసం వస్తే ఆ చేత్తోనే పెట్టేది. వాడు నోటిదాకా వచ్చి తుమ్మి, వెనక్కి తగ్గి, ఆమె ముఖంలోకి చూసేవాడు. పొయ్యి పక్కన పడుకుంటే తాడుతో అదిలించేది. ఒకరోజు ఇసక తీసి ముఖాన కొట్టింది. వాడు దూరంగా వెళ్లి కూర్చుని, ఏం తప్పు చేశానా అన్నట్టు చూస్తూ ఉన్నాడు. నేను బడి గుమ్మంలోంచి ఇది చూశాను. కుక్క ఎక్కడ కరుస్తుందో అని రోజూ చచ్చే నేను, కుక్క తరపున పోట్లాటకి వెళ్లాను.

"ఏంటప్పా ఇది! నోరు లేని జీవం. ముసలితనంలో నీకు మతిగానీ పోయిందా?"

ఆమె చేతులు కొంగుకి తుడుచుకుంది. నన్ను భుజం పట్టుకుని గాలికి వీపు పెట్టించింది.

"నీ గుంటకి పాలెలగ మాన్పించినావు?"

మా అమ్మాయికి పాలు మాన్పించిన సంగతి ఇప్పుడెందుకో అర్థం కాలేదు. అయినా చెప్పాను. మా అమ్మ వేపాకు నూరి రాయమంది, రాశాను. పిల్ల చేదుకి మొహం తిప్పుకుంది. రాత్రి అమ్మమ్మ దగ్గర పడుకోబెట్టారు. పిల్ల పక్క గదిలో ఏడుస్తుంటే నేను ఇవతల గదిలో కూర్చుని ఏడ్చాను.

"మరదే" అంది అప్ప. "నానూ అదే సేత్తన్నాను."

అప్పుడు చెప్పింది, ఆస్పత్రిలో ఏమన్నారో. దాచడానికి ఇక ఏమీ లేనట్టు మామూలుగా చెప్పింది. ఎక్కువ కాలం లేదు. తన గురించి బెంగ లేదు, తనని మోసేవాళ్లు దిబ్బ మీద ఉన్నారు. "నాను పోనాక ఈడూ ఒడ్డున కూకుంటాడు. ఈళ్లందరూ మళ్లీ పసుపట్టుకుని వత్తారు. నాను కళ్లు మూసీలోగా ఈడు ఇంకో సేతి కూడు తినాల. అది సూసి పోవాల నాను."

ఆమె చేతులు పట్టుకున్నాను. వేపనూనె కంపు ఇంటికొచ్చి సబ్బుతో కడుక్కున్నా పోలేదు. ఆ రోజు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, దిగేదాకా ఏడ్చాను.

ఆ మర్నాడో, ఆ పైరోజో, పొద్దున్న ప్రార్థన అయి పిల్లలు లోపలికి వెళ్తున్నారు. అప్ప తన ఇంట్లోంచి బయటికొచ్చి, తగువు జాగా దాటి, తోటికోడలి గుమ్మం ముందు నిలబడింది. వలలు బాగుచేసుకుంటున్న మగవాళ్ల చేతులు ఆగిపోయాయి. నేను పిల్లల్ని లోపలికి పంపడం మరిచిపోయాను.

"ఏటే, దారి తప్పినావేటి?" అంది తోటికోడలు.

"నీ నోరు కావాలే నాకు" అంది అప్ప.

"నా నోరేటి?"

"ఈ దిబ్బ మీద గాలికెదురెల్లీ నోరు నీదొక్కర్తిదే. ఎర్రోడు ఎక్కడున్నా వినపడతాది. నాను పోనాక ఆడిని కూటికి నువ్వే కేకెయ్యాల."

తోటికోడలు నోరు తెరిచిందిగానీ మాట రాలేదు. ఆ మనిషి గొంతు అలా మూగబోవడం దిబ్బ మీద ఎవరూ చూసి ఉండరు. ఎక్కడికి పోతావని అడగలేదు. అప్ప ముఖం చూస్తే తెలుస్తూనే ఉంది.

"నాను ఎట్టీది తింతాడేటి ఆడు?" అంది చివరికి.

"ఇప్పుడు తినడు. తినీలాగ సేద్దాం."

"జాగా సంగతి?"

"జాగా నువ్వే తీసుకో. నాకెందుకింక?"

"ఛీ, నోర్ముయ్" అంది తోటికోడలు. చాప తెచ్చి వేసింది. ఇద్దరూ కూర్చున్నారు. ఆ మాటలేవో నాకు వినిపించలేదు. ఎర్రోడు మాత్రం తనని మధ్యలో పెట్టకుండా వాళ్లు అలా మాట్లాడుకోవడం ఏమీ నచ్చనట్టు అటూ ఇటూ తిరిగాడు.

ఆ రోజు మొదలు వాడికి అప్ప ఇంట్లో అన్నం లేదు. పక్కింటి నుంచి కేక వినిపించేది. వాడు ఆ కేక వైపు చూసి, మళ్లీ అప్ప గుమ్మం ముందు పడుకునేవాడు. తోటికోడలు కంచం తెచ్చి వాడి ముందు పెడితే ముఖం తిప్పుకునేవాడు. "తినరా నా తండ్రీ" అని ఆమె బతిమాలేది. అప్ప తలుపు వేసుకుని లోపల కూర్చునేది. ఇలా లాభం లేదని, కొన్నాళ్లు ఏటవతల చుట్టాలింట్లో ఉంటానని బయల్దేరింది. పిల్లకి పాలు మాన్పించేటప్పుడు తల్లిని పుట్టింటికి పంపుతారు కదా, అదీ ఆమె లెక్క.

నేను ఇంటికెళ్లే సాయంత్రం పడవలోనే ఆమె కూడా ఎక్కింది. ముందు కొసన, దిబ్బకి వీపు పెట్టి కూర్చుంది. నేను ఆమెకి ఎదురుగా కూర్చున్నాను కాబట్టి నాకు దిబ్బ కనిపిస్తోంది. పడవతను గెడ వేసి తోశాడు. ఎర్రోడు ఒడ్డు మీద అటూ ఇటూ పరిగెత్తి, నీళ్లలోకి దూకాడు.

"దూకినాడేటి?" అంది తల తిప్పకుండా.

"దూకాడప్పా."

"ఈదుతున్నాడా?"

"వస్తున్నాడు."

గాలికి అలలు వాడి ముఖం మీదుగా వెళ్తున్నాయి. చెవులు మునిగి తేలుతున్నాయి. పడవ ఆపమని పడవతనితో అన్నాను. అప్ప వాడి మీద కాదు, పడవతని మీద విరుచుకుపడింది. "ఏటా తొయ్యడం? సేతిలో సత్తువ నేదేటి? బేగి తొయ్యి!" ఆమె రెండు చేతులూ పడవ అంచుని పట్టుకుని ఉన్నాయి. ఒక్కసారి, ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తే వాడు పడవ దాకా వచ్చేసేవాడు. అది ఆమెకి తెలుసు. నేనైతే తిరిగి ఉండేదాన్ని.

అప్పుడు దిబ్బ మీది నుంచి తోటికోడలి కేక వచ్చింది. "ఎర్రోడా... రా నాయనా... కూడూ..." ఏటి మీద గాలిని కోసుకుంటూ వచ్చింది. నీళ్లలో వాడి తల ఆగింది. పడవ వైపు చూశాడు, వెనక్కి చూశాడు.

"ఇప్పుడో?" అంది అప్ప.

"ఆగాడు."

"ఇప్పుడో?"

"తిరిగాడప్పా. వెళ్తున్నాడు. ఒడ్డెక్కాడు."

"దులుపుకున్నాడా?"

"దులుపుకున్నాడు."

అప్పుడు పడవ అంచు వదిలింది. పడవ దిగాక ఇసకలో కూలబడి పెద్దగా ఏడ్చింది. పక్కన కూర్చోవడం తప్ప నాకేం చేతనవుతుంది? కూర్చున్నాను. రెండు బస్సులు వెళ్లిపోయాయి.

రెండ్రోజులు వాడు తినలేదట. తర్వాత తోటికోడలు కంచం పెట్టి దూరంగా వెళ్తే నాకాడట. ఆ పైన ఆమె పక్కనుండగానే తిన్నాడట. నేను రోజూ పడవ దిగగానే ఇవన్నీ కనుక్కుని సాయంత్రం అవతలి ఒడ్డున అప్పకి చేరవేసేదాన్ని. మా అమ్మాయి పరీక్షల ఫలితాల కోసం కూడా నేను అంత ఆత్రపడలేదు. తోటికోడలు కూడా మారిపోయింది. "నిన్న సేపముక్క కూడా తినీసినాడని సెప్పండి దానికి, అది సంతోసపడతాది" అనేది. ఇంకా పేరు పెట్టి గానీ వరస పెట్టి గానీ పిలిచేది కాదు, 'అది' అనే అనేది. ఆ 'అది'లో పాత విషం లేదు.

అప్ప తిరిగి వచ్చిన రోజు వాడు ఎగిరి ఆమె మీద పడ్డాడు. ఆమె చేతులు పైకెత్తేసి, చెట్టులా నిలబడింది. వాడిని నిమరలేదు. మళ్లీ వెళ్లింది, మళ్లీ వచ్చింది. ఒక్కోసారి వాడి గంతులు తగ్గుతూ వచ్చాయి. వానలు మొదలవబోయే రోజుల్లో ఆమె మరోసారి పడవ దిగింది. ఎర్రోడు వచ్చి, కాళ్లు వాసన చూసి, మర్యాదకి తోక ఊపి, పక్కింటి పొయ్యి దగ్గరికి వెళ్లి గాలికి అడ్డంగా పడుకున్నాడు.

ఆమె అక్కడే నిలబడి చూసింది. "ఎలిపోనాడు, సూసినావా టీచరమ్మా?" అంది. మొహం వెలిగిపోతోంది. కాసేపటికి, "లోపల కోసినట్టున్నాదే" అంది. రెండూ నిజమే. నేను ఇంతమందిని చూశాను, ఇన్ని పుస్తకాలు చదివాను. ప్రేమించినవాళ్ల మనసులో ఎప్పటికీ ఉండిపోవాలని కోరుకోని మనిషిని ఆమెని తప్ప ఇంకొకరిని చూడలేదు.

ఆమె ఆస్పత్రిలోనే పోయింది. పొద్దున్న నేను ఏటి ఒడ్డుకి వచ్చేసరికి పడవలో పడుకోబెట్టి ఉన్నారు. అదే పడవలో నేనూ దాటాను. దిబ్బ అంతా ఒడ్డు మీదే ఉంది. తోటికోడలి ఏడుపు సగం ఏటి నుంచే వినిపించింది.

ఒడ్డుకి చేర్చి ఇసక మీద దించారు. జనం మధ్యలోంచి ఎర్రోడు వచ్చాడు. చుట్టూ ఒకసారి తిరిగాడు. ఆమె పాదాల దగ్గర ముక్కు ఆనించి చాలాసేపు వాసన చూశాడు. తర్వాత అక్కడే, పాదాల పక్కన, కూర్చున్నాడు.

నేను తోటికోడలి వైపు చూశాను.

"సూసినారా, దానికి తెలిసిపోనాది" అన్నారు ఎవరో. "ఇంక నేవదు. అప్ప పెనిమిటి కుక్కలాగే ఇదీని." ఒకావిడ అప్పుడే కళ్లు తుడుచుకుంటూ ఇంట్లోకి వెళ్లి పసుపు తెచ్చింది. వాడి నుదుటికి రాయబోయింది. పొద్దు పైకెక్కింది. వాడు లేవలేదు. నేను దేవుళ్లందరికీ మొక్కాను. లేవరా, లేవరా బాబూ అని లోపల అనుకుంటూనే ఉన్నాను.

దిబ్బ మీద శవం లేచేదాకా ఏ ఇంట్లోనూ పొయ్యి వెలిగించకూడదు. పసిపిల్లలకి కూడా పడవ మీద అవతలి నుంచి తెచ్చి పెడతారుగానీ పొయ్యి ముట్టించరు. అలాంటిది, ఏడుస్తూ ఏడుస్తూ తోటికోడలు సూర్యుడి వైపు చూసి, జుట్టు ముడి వేసుకుని లేచింది. ఇంట్లోకి వెళ్లింది. కాసేపటికి ఆమె ఇంటి ముందు పొగ లేచింది.

జనం భగ్గుమన్నారు. పెద్దమనిషి ఒకాయన కర్ర పట్టుకుని వెళ్లాడు. "నీకు మతుందా? అక్కడ శవం ఉండగా పొయ్యేటి?"

"అదే సెప్పింది" అంది తోటికోడలు పొయ్యి ఊదుతూనే. "నాను సచ్చిన రోజు కూడా ఆడి కూడు తప్పించొద్దంది. తప్పయితే నాకేసుకోండి."

అన్నం వార్చి, చేప పులుసు కలిపి, కంచం కింద పెట్టి, లేచి నిలబడింది. గాలి సముద్రం వైపు నుంచి ఆమె ముఖం మీదికే కొడుతోంది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. అయినా గుండె నిండా ఊపిరి పీల్చి కేక వేసింది.

"ఎర్రోడా... కూడూ..."

వాడి చెవులు నిక్కాయి. ఒకసారి పాదాల వైపు చూశాడు. లేచాడు. ఒళ్లు విదిల్చి ఇసక దులుపుకున్నాడు. జనాన్ని తప్పించుకుంటూ పొగ వైపు నడిచాడు.

"ఛీ! ఇశ్వాసం నేని కుక్క" అన్నాడు పెద్దమనిషి. పసుపు తెచ్చినావిడ మొహం చిట్లించింది. ఎవరో ఇసక ముద్ద విసిరారు. నేను వెళ్లి వాడికి అడ్డంగా నిలబడ్డాను, కుక్కకి అంత దగ్గరగా. తోటికోడలు పక్కన గొంతుక్కూర్చుని, ఏడుస్తూ, వాడి వీపు మీద చెయ్యి వేసి ఉంది. వాడు వేడికి నాలుక కాల్చుకుంటూ, ముల్లు ఏరుకుంటూ, కంచం అంతా తిన్నాడు. అడుగు కూడా నాకాడు.

నేను వెనక్కి వెళ్లి అప్ప పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను. అందరూ దండం పెడుతున్నాననుకుని పక్కకి జరిగారు. ఆమె చెవి దగ్గరికి వంగి చెప్పాను.

"తిన్నాడప్పా."